పగటిపూట పొయ్యి వెలగని ఊరు

ఈ వేసవిలో సుందర్‌బన్ కాలవల్లో మోటారు పడవ మీద తిరిగి వచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళలో చాలామంది చల్లగదుల లాంచీల్లో కూచుని, కోడి వేపుడు తిని, పులి కనబడలేదని తిట్టుకుంటూ వచ్చినవాళ్ళే. వాళ్ళ రాతలు చదివి నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు చూడనిది నేను చూశాను. చూడకపోతేనే బాగుండేదేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది.

ఖిదిర్‌పూర్ నుంచి

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి కోల్‌కతా డాక్‌లో మూటలు మోశాడు. నేను అదే డాక్‌లో ఓడల్లోంచి సరుకు దించే వించీ నడిపాను. బడి మొహం చూడలేదు. పచారీ పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద తెలుగు కూడబలుక్కున్నాను. పొట్లం చింపితే వార్త సగంలో తెగిపోయేది, మిగతా సగం నేనే ఊహించుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. దాని ఫలం ఈ ప్రయాణంలో అనుభవించాను.

న్యూ టౌన్‌లో ఉండే మా అమ్మాయి మమ్మల్ని ఒక పెద్ద లాంచీలో పంపుతానంది. ధర చెప్పింది. ఆ డబ్బుకి ఒకప్పుడు లాంచీయే వచ్చేదన్నాను. "నాన్నా, ఒకప్పుడు కాదు, ఇప్పుడు" అంది. నేను ఫోను పెట్టేశాను.

తర్వాత నిమాయి దొరికాడు. గార్డెన్ రీచ్ రేవు నుంచి బియ్యం, సిమెంటు, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని దిగువ ఊళ్ళకు పడవ నడిపే సారంగు. అతన్ని నేను అతని కుర్రతనం నుంచీ ఎరుగుదును. "కాకా, సరుకు మీద కూచుని వస్తానంటే రండి. పై కప్పుకి టార్పాలిన్ కడతాను. కాకీమాకి కుర్చీలకు లోటులేదు" అన్నాడు. కాకా అంటే బాబాయి, కాకీమా అంటే పిన్ని.

మా ఆవిడ నరసమ్మ ఒక ట్రంకుపెట్టె సర్దింది. అందులో కందిపొడి, చింతపండు, తన కుంకుమ భరిణె. ఏ ఇంటి గడప తొక్కినా ఆడవాళ్ళకి బొట్టు పెట్టకుండా రావడం ఆమెకి చేతకాదు. "పడవెక్కి పోతన్నాం, పెళ్ళికి కాదు" అన్నాను. "బొట్టుకి పెళ్ళేటి మావా, మనిసుంటే సాలు" అంది.

బూడిద పడవలు

పోటు తిరిగి నీరు సముద్రంవైపు లాగుతుండగా బయలుదేరాం. ఒడ్డున నాన్న జనుము మూటలు మోసిన గోదాము ఒకటి కనబడింది. దాని గోడలకు రంగు బల్బులు చుట్టి కాఫీ అమ్ముతున్నారు. కప్పు ధర నిమాయి చెబితే ఇంకోసారి చెప్పమన్నాను. ఇంకోసారీ అదే చెప్పాడు. ఆ చోట ఒకాయన నడుం విరిగి పడిపోవడం నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు అక్కడ నిలబడి పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు.

దారి పొడుగునా నీళ్ళలో అంచుదాకా మునిగిన ఇనప పడవలు ఎదురయ్యాయి. వాటి నిండా బూడిద రంగు పొడి. ఏమిటని అడిగాను.

"బూడిదే, కాకా. కరెంటు తయారుచేసే చోట బొగ్గు కాలితే వచ్చే బూడిద. బంగ్లాదేశ్‌వాళ్ళు కొని సిమెంటులో కలుపుకుంటారు."

"కొనడమేంటి, బూడిదని?"

"కొంటారు. ఒకటి మునిగితే ఏడుస్తారు కూడా."

మా కాలంలో ఈ నది మీద జనుము పోయేది, టీ పోయేది. ఇప్పుడు పొయ్యిలో బూడిద సరుకైంది. నరసమ్మ మాత్రం గిన్నెలు తోముకోవడానికి గుప్పెడు దొరుకుతుందా అని నిమాయిని అడిగింది.

ఈ పడవలో మరుగుదొడ్డి అంటే వెనక భాగాన నది మీదికి వేలాడదీసిన రేకు డబ్బా. అడుగున చెక్కకు కన్నం, కన్నంలోంచి నది. దాని గురించి ఇంతకన్నా రాయను. నరసమ్మ బయటికి వచ్చి, "నానింక నీళ్ళు తాగను" అని ప్రకటించి, ఎండకి తాళలేక గంటలో చెంబు ఎత్తింది.

నామ్‌ఖానా

కాక్‌ద్వీప్ దగ్గర బురదలో నా ఎడమకాలి చెప్పు దిగబడి పోయింది. కుడిది పారెయ్యమన్నారు. పారెయ్యలేదు, అది ఏం తప్పు చేసిందని.

నామ్‌ఖానా చేరేసరికి ఎండుచేపల వాసన మా పడవకంటే ముందు వచ్చింది. తడికెల మీద మైళ్ళకొద్దీ ఆరబోసినట్టున్నాయి. కోల్‌కతాలో మా వీధి బెంగాలీలు మేం ఎండుచేపలు కాలిస్తే కిటికీలు మూసుకుంటారు. ఇక్కడి బెంగాలీలు మాకంటే ఎక్కువ ఇష్టంగా తింటున్నారు. అయితే ఇన్నేళ్ళూ ముక్కు మూసుకున్నవాళ్ళు ఎవరు? పుచ్చకాయ ధర విని రెండోసారి ఉలిక్కిపడ్డాను, ఈసారి చవకకి. ఖిదిర్‌పూర్‌లో ఒక ముక్కకి పెట్టేదానికి ఇక్కడ కాయ ఇచ్చారు. పండించిన మనిషి ఆ ధర చెప్పేటప్పుడు తల దించుకున్నాడు.

పొద్దున్న నిమాయి పెట్టేది పాంతా భాత్. మన చద్దన్నమే. రాత్రి అన్నంలో నీళ్ళుపోసి ఉంచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మీద ఒక చుక్క ఆవనూనె. ఆవనూనె ఒక్కటి లేకపోతే మా అమ్మ పెట్టినట్టే ఉండేది. కోల్‌కతాలో పుట్టి ఈ వయసు వచ్చినా ఆ నూనెతో నాకు రాజీ కుదరలేదు.

అక్కణ్ణుంచి తూర్పుగా సన్నటి కాలవల్లోకి మళ్ళాం. రెండువైపులా బురద ఒడ్డులు, బురదలోంచి మేకుల్లా పైకి లేచిన చెట్ల వేళ్ళు. ఒక మలుపులో మా పడవ వెనక మర చక్రానికి ఎవరో వదిలేసిన నైలాను వల చుట్టుకుంది. ఇంజను దగ్గి ఆగింది. నిమాయి నీళ్ళలోకి దిగి, పైకి వచ్చి, ఇరుసు వంగిందన్నాడు.

"అదృష్టం చూడండి. మా అక్క సరస్వతి ఊరు ఈ మలుపు దాటితేనే. మీరు ఇంటికెళ్ళి నీడన కూచోండి. నేను మిస్త్రీని వెతుక్కొస్తాను."

కట్ట వెనక ఊరు

ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఉప్పునీరు రాకుండా మట్టికట్ట, కట్ట వెనక మంచినీళ్ళ గుంట, గుంట చుట్టూ ఇళ్ళు. గుంట దగ్గర పడుచు ఆడవాళ్ళు నలుగురైదుగురు నీళ్ళు ముంచుకుంటున్నారు. ఒక్కరి పాపిట్లోనూ సిందూరం లేదు. చేతులకు పెళ్ళయిన బెంగాలీ ఆడవాళ్ళు వేసుకునే శంఖపు గాజులు లేవు. జుట్టు దువ్వెన ఎరగనట్టు రేగి ఉంది. వెలిసిన చీరలు.

ఈ ప్రాంతాల్లో పులి నోట పడ్డవాళ్ళ భార్యలతో నిండిన పల్లెలున్నాయని పేపర్లో చదివాను. ఇరవై ఏళ్ళ పిల్లలు, ఇందరా?

"సూసావా?" అన్నాను నరసమ్మతో. ఆమె చూసింది.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. పందొమ్మిదో ఏట ఆమె భర్త డాక్‌లో బరువు కింద పడి పోయాడు. కులంలో పెద్దావిడలు వచ్చి, అక్కని గోడకి ఆనించి, బొట్టు తుడిచి, గాజులు ఇటుకతో పగలగొట్టారు. ఒక గాజుముక్క మణికట్టులో దిగి చాలాకాలం ఉంది. పొద్దున్నే ఆమె మొహం చూడొద్దని నాకు చెప్పారు. నేను రోజూ పనిగట్టుకుని లేచి ఆమె మొహమే చూసి పనిలోకి పోయేవాణ్ణి. నాన్న పోయినప్పుడు అమ్మ బొట్టు మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. కులం నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. అంత ప్రశాంతంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

సరస్వతి ఇంట్లో లేదు. తెల్ల చీరతో ఒక పిల్ల బయటికి వచ్చింది. పేరు మాలతి, ఆ ఇంటి కోడలు. మాటలన్నీ బెంగాలీలో జరిగాయి, తెలుగు చేసి రాస్తున్నాను.

"మామయ్య పడవలో వచ్చారా? కూచోండి దాదూ. అత్తగారు మేకల్ని తోలుకురావడానికి వెళ్ళారు" అంది, నన్ను తాతని చేసి. పళ్ళెంలో మరమరాలు, బెల్లం, రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చింది. నుదురు బోసి. పాపిట బోసి. నవ్వితే చిన్నపిల్లలా ఉంది.

నరసమ్మ అలవాటుకొద్దీ భరిణె తీసి, మళ్ళీ మూసేసింది. ఆ మూత చప్పుడు నాకు ఇటుక చప్పుడులా వినిపించింది.

"ఎందుకు మూసేవు? ముందా పిల్లకెట్టు" అన్నాను.

"ఒగ్గీ మావా. ఆల్ల ఆచారం ఏటో మనకేటి తెలుసు."

"తెలుసు. డెబ్బై ఏళ్ళుగా ఈళ్ళ మజ్జనే ఉన్నాను. మా అక్కకి తుడిచినోళ్ళూ ఆచారమే అన్నారు. పెట్టు."

నరసమ్మ నా మొహం చూసింది. అక్క సంగతి ఆమెకీ తెలుసు. భరిణె తెరిచి, వేలు అద్ది, పళ్ళెం పట్టుకున్న పిల్ల దగ్గరికి వెళ్ళింది. పెద్దావిడ దీవించబోతోంది కాబోలు అనుకుని మాలతి తల వంచింది. నుదుటి నడుమ రూపాయి కాసంత బొట్టు పడింది.

పళ్ళెం నేలమీద పడింది. మరమరాలు ముంగిలంతా చిందాయి. ఆ పిల్ల అరవలేదు. రెండు చేతులూ నుదుటికి అడ్డం పెట్టుకుని గుంటవైపు పరుగెత్తింది. నేను నిజంగా, ఎంత మూర్ఖుణ్ణి అంటే, సంతోషంతో పరుగెత్తిందేమో అని ఒక్క క్షణం అనుకున్నాను.

సరస్వతి దువ్వెన

మేకలతో వచ్చిన సరస్వతి కోడల్ని గుంటలో చూసింది. మాలతి నుదుటిని మట్టితో రుద్దుకుంటోంది. తోలు లేచేలా రుద్దుకుంటోంది.

సరస్వతి చెప్పాక తెలిసింది, మాలతి భర్త బతికే ఉన్నాడు. పేరు గోపాల్. వైశాఖంలో ఊళ్ళో మగవాళ్ళందరితోపాటు అడవిలోకి తేనెకు వెళ్ళాడు. తేనెకు వెళ్ళినవాడు తిరిగొచ్చేదాకా ఇంట్లో భార్య విధవలా ఉండాలి. సిందూరం పెట్టకూడదు, తల దువ్వకూడదు, నూనె రాయకూడదు. పగటిపూట పొయ్యి రాజెయ్యకూడదు, మిరపకాయలు వేయించకూడదు. ఆడవాళ్ళు ఇక్కడ నియమం తప్పితే అక్కడ మగవాడి మీద అడవితల్లి బొన్‌బీబీ కాపు తొలగిపోతుంది. హిందువులూ ముస్లిములూ అందరూ పాటిస్తారు. గుంట దగ్గర నేను చూసినవాళ్ళందరి మొగుళ్ళూ బతికే ఉన్నారు.

నేను సరస్వతికి దణ్ణం పెట్టాను. తెలియక చేశామన్నాను. తర్వాత నోరు ఊరుకోక, "బొట్టుకీ పులికీ సంబంధం ఏముంటుంది దీదీ" అన్నాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. అరుగు మీద కూచుంది.

"దాదా, గోపాల్ నా ఒళ్ళో ఉన్నప్పుడు వాళ్ళ నాన్న తేనెకు వెళ్ళాడు. తలలో పేలు పడ్డాయి. ఓర్చుకోలేకపోయాను. ఒక మధ్యాహ్నం తలుపేసుకుని దువ్వుకున్నాను. ఒక్కసారే. మిగతావాళ్ళు వచ్చారు. ఆయన తువ్వాలు ఒక్కటే తెచ్చి నా చేతికి ఇచ్చారు."

నేను నిర్ఘాంతపోయాను. మనిషిని పులి తిన్నందుకు కాదు. ఈవిడ ఇన్నేళ్ళూ ఒక దువ్వెనని గుండెమీద మోస్తున్నందుకు. అంతకంటే, అదే బరువు ఇంకో పిల్ల తలకెత్తినవాడు నేనే అయినందుకు.

మిస్త్రీతో తిరిగొచ్చిన నిమాయి అంతా విని నా పక్కన కూచున్నాడు. "కాకా, నోరుంది కదా. ఒక్క మాట అడగడానికి ఏమైంది? అడక్కుండా ఉండే మనిషి కూడా కాదే మీరు" అన్నాడు.

మిరపకాయలు

మర్నాటికి ఇరుసు సరయింది. నిమాయి బయలుదేరదామన్నాడు. నరసమ్మ కదల్లేదు.

"ఆ పిల్ల మొగుడు ఒడ్డున దిగీవరకు నానిక్కణ్ణించి కదల్ను. ఎల్తే నువ్వెల్లు."

అప్పుడు ఆమె మొహం సరిగా చూశాను. నుదురు ఖాళీ. బొట్టు తుడిచేసుకుంది. గాజులు లావు వేళ్ళకి అడ్డంపడి ఊడిరాకపోతే వాటిమీద గుడ్డపేలిక చుట్టుకుంది. తల విరబోసుకుంది.

"ఏటిది?" అన్నాను.

"దాని బొట్టు నాను పెట్టేను. నాది నాను తీసుకున్నాను. సరికి సరి."

ఆడదాని మొహానికి మొగుడి చావుబతుకుల గుర్తులెందుకని జీవితమంతా వాదించినవాణ్ణి. అక్క కోసం, అమ్మ కోసం కొట్లాడినవాణ్ణి. తెలుగు సంఘం సభల్లో లేచి మాట్లాడినవాణ్ణి. ఆ ఖాళీ నుదుటికేసి నేను చూడలేకపోయాను. నేను బతికే ఉన్నాను, చద్దన్నం తింటున్నాను, నా భార్య నా ఎదురుగా నేను పోయినట్టు కూచుంది. ఆ పూటంతా ఆమెకి పక్కవాటుగా కూచున్నాను.

తేనె పడవ ఆ రోజు రావాల్సింది, రాలేదు. మధ్యాహ్నం మా పడవలోకి వెళ్ళి పడుకున్నాను. నిమాయి స్టవ్ వెలిగించి పప్పులోకి ఎండుమిరపకాయలు తీశాడు.

"ఆపు" అన్నాను.

"ఏమైంది?"

"పొద్దుగూకాక చేసుకో. ఇప్పుడు ఒద్దు."

అతను మిరపకాయలు చేత్తో పట్టుకుని నాకేసి చూశాడు. "ఇవన్నీ మీరు నమ్మరన్నారుగా, కాకా."

"నమ్మను. ఆపు."

ఆపాడు. నవ్వు మాత్రం ఆపుకోలేక ఇంజను వెనక్కి పోయాడు.

మాలతి మాతో మాటలు మానలేదు. అది ఇంకా బాధ. నీళ్ళు ఇచ్చేది, తిన్నారా అని అడిగేది. ఆమె నుదుటిమీద రుద్దుకున్నచోట ఎర్రగా కమిలింది. తుడిచేసిన బొట్టుకంటే అదే పెద్దగా కనబడుతోంది. గుంట దగ్గర మిగతా ఆడవాళ్ళు ఆమె వస్తే పక్కకు జరుగుతున్నారు. ఒకామె అననే అంది: "ఏదైనా జరిగితే నీ మొగుడొక్కడితో పోదు, మావాళ్ళూ అదే పడవలో ఉన్నారు." మాలతి కడవ నింపుకుని వచ్చేసింది.

శంఖం

మర్నాడు ఎండ వాలుతుండగా కట్టమీద ఎవరో శంఖం ఊదారు. ఊరంతా పరుగెత్తింది. నేను ఉత్తకాళ్ళతో పరుగెత్తాను. మలుపులో పడవ కనబడింది. మనుషుల్ని లెక్కపెట్టడం మొదలెట్టాను. ఎంతమంది వెళ్ళారో నేను అడిగి ఉండలేదని సగంలో గుర్తొచ్చింది.

మాలతి కట్ట దిగలేదు. నరసమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

ఒక్కొక్కరే దిగుతున్నారు. గోపాల్ దిగలేదు. చివర్న ఒకణ్ణి ఇద్దరు రెండు రెక్కలూ పట్టుకుని దించారు. మొహం కుండలా వాచి ఉంది. కళ్ళు మూసుకుపోయాయి. ముక్కూ పెదవులూ ఒకటైపోయాయి. భార్య కూడా పోల్చలేదు. సరస్వతి వెళ్ళి రెండు చేతులతో ఆ మొహం తడిమి, "వీడే" అంది.

తేనెటీగలు కుట్టాయి. అంతకుమించి ఏమీ లేదు.

మాలతి దాచుకోలేదు. అందరి ఎదుటా జరిగింది చెప్పేసింది. గోపాల్ ఆ వాచిన నోటితోనే ఏ రోజు అని అడిగి, వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు.

"ఎవరు పెట్టించింది?"

"నేను" అన్నాను.

నా గొంతు వినిపించినవైపు తల తిప్పాడు. "దాదూ, ఈ ఏటికల్లా పెద్ద పట్టు మాకు ఆ రోజే దొరికింది. ఈగలు కుట్టిందీ ఆ రోజే. మీకు ఏది కావాలంటే అది తీసుకోండి."

జనం నవ్వారు. గుంట దగ్గర ఆ మాట అన్నామె కూడా నవ్వింది.

సాయంత్రం ఊరంతటా ఒక్కసారి పొయ్యిలు వెలిగాయి. ఆడవాళ్ళు తలంటుకున్నారు. ఇల్లిల్లూ మిరపకాయలు వేగిన ఘాటు. ఊరు ఊరంతా దగ్గింది. మాకు కొత్త తేనె పట్టు ముక్కలు పెట్టారు. కొద్దిగా పులుపు, కొద్దిగా అడవి వగరు. ఖిదిర్‌పూర్‌లో సీసాలో అమ్మేదాన్ని ఇకమీద తేనె అని నేను పిలవను.

పాపిట నిండా సిందూరంతో మాలతి వచ్చింది. "దిదిమా, మీ నుదురు ఇంకా ఖాళీగానే ఉంది" అంటూ తన డబ్బీలోంచి తీసి నరసమ్మ నెరిసిన పాపిట్లో ఎర్రగా గీత గీసింది. తెలుగు మనిషికి బెంగాలీ సిందూరం. నరసమ్మ నాకేసి చూసింది. బాగుందనుకున్నాను, అంతకన్నా సిగ్గుచేటు ఏముంది.

తిరుగుదారి

పొద్దున్న పడవ ఎక్కేముందు సరస్వతి దగ్గరికి వెళ్ళాను. గోపాల్ దిగినప్పటి నుంచీ చెప్పాలనుకున్న మాట అది.

"దీదీ, చూశావు కదా. బొట్టు పెట్టినా నీ కొడుకు వచ్చాడు. నువ్వు తల దువ్వుకోవడంలో తప్పేమీ లేదు. ఆయన పోయింది నీ వల్ల కాదు."

నిజంగా గొప్ప మాట చెప్పాననుకున్నాను. ఆవిడ ముఖం తేలికపడుతుందని ఎదురుచూశాను. ఆవిడ నదికేసి తిరిగింది.

"నిన్న రాత్రి నేనూ అదే అనుకున్నాను దాదా. నా వల్ల కాకపోతే మరి ఆయన ఎందుకు రాలేదు?"

ఇంజను మొదలైంది. ఇన్నేళ్ళలో జవాబు లేక నేను నోరు మూసుకున్న సందర్భం ఇంకోటి గుర్తులేదు. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క కారణాన్ని నేను తీసుకుపోతున్నానని పడవ ఒడ్డు వదిలాక తెలిసింది.

చెమటకి సిందూరం కారిపోతోందని నరసమ్మ తలకి గొడుగు పట్టాను. "ఏటన్నాది ఆవిడ? అంతసేపు మాటాడేరు" అని అడిగింది.

"మళ్ళీ రమ్మంది" అన్నాను.

నరసమ్మకి చదువు రాదు. ఇది అచ్చయ్యాక ఎవరైనా చదివి వినిపిస్తే, ఆవిడ నిజంగా ఏమందో అప్పుడు తెలుస్తుంది. నన్ను మళ్ళీ అడుగుతుంది. అప్పటికైనా నాకు జవాబు దొరుకుతుందన్న ఆశ లేదు.